తెల్లవారుజాము గొలుసు

చదివేవాళ్ళు ముందే మన్నించాలి. ఒత్తు ఎక్కడ పెట్టాలో నాకు ఇప్పటికీ అనుమానమే. మా ఆయన పోయాక మనవరాలి పక్కన కూర్చుని అక్షరాలు దిద్దుకున్నదాన్ని, ఒక్కో పేజీకి ఒక్కో పూట పడుతుంది. ఈ వారం భాగం ఆలస్యమైంది కూడా అందుకే. తప్పులు దిద్దుతామని పత్రికవాళ్ళు అన్నారు. దిద్దగా మిగిలినవి నావే. ఇక కథలోకి పోదాం.

*

“నన్నడక్కుండా నా పేరెందుకిచ్చావమ్మా?”

కొడుకు మళ్ళీ అదే మాట అన్నాడు. అరవలేదు. అరిచి ఉంటే ఆమెకి హాయిగా ఉండేది, తానూ అరిచేది.

వంటింట్లో టీ పొంగి పొయ్యి మీద పడిన వాసన వచ్చింది. కోడలు గిన్నె దించింది గానీ పొయ్యి తుడిచిన చప్పుడు లేదు. చెవి ఇటే పెట్టిందన్నమాట.

“దేవుడు చేసిన మేలు చెప్పుకోవడానికి నిన్నడగాలిట్రా?” అంది ప్రార్థనమ్మ. “రేపు ఆరాధనలో లేచి నాలుగు ముక్కలు చెప్పి కూర్చుంటావు. నోట్లో ముత్యాలేం రాలిపోవుగా.”

ఆమె అసలు పేరు చర్చి సంఘంలో సగం మందికి తెలియదు. చిన్నా పెద్దా అందరికీ ప్రార్థనమ్మే. నెలకొకసారి సంఘంలో గొలుసు ప్రార్థన జరుగుతుంది. ఒక పగలూ ఒక రాత్రీ, ఇంటికొక గంట. తన గంట అయిపోయాక తరువాతి ఇంటికి ఫోను చేసి ‘గొలుసు మీ చేతికి’ అని చెప్పాలి. అప్పుడు వాళ్ళు మోకరిస్తారు. ఎక్కడా తెగకూడదు. తెల్లవారుజాము గంట తీసుకోవడానికి ఎవరూ ముందుకు రారు. ఆ గంట మొదటి నుంచీ ప్రార్థనమ్మదే. దాన్ని ఇంకొకరికి ఇమ్మంటే ఆమె తన ఇంట్లో గది ఒకటి రాసిమ్మన్నట్టు చూసేది.

పోయిన వారం ఆ గంట ముగిసిన కాసేపటికే కొడుకు పనిచేసే లాండ్రీలో ఆవిరి పైపు పగిలింది. హోటళ్ళ దుప్పట్లు ఉతికే పెద్ద లాండ్రీ అది. అందరికంటే ముందు పోయి బాయిలర్ వెలిగించాల్సినవాడు ఈమె కొడుకు. ఆ రోజు వాడు వేళకి పోలేదు. వాడి బదులు వెలిగించినవాడు బక్కోడు. ఇస్త్రీ ప్రెస్సు మీద పని చేసేవాడు, కొడుకుకి ప్రాణస్నేహితుడు. ఇప్పుడు ఛాతీ నుంచి నడుము దాకా కట్లతో ఆసుపత్రిలో ఉన్నాడు.

ఎందుకాలస్యమైందిరా అని ఎవరడిగినా కొడుకు నీళ్ళు నమిలాడు. ప్రార్థనమ్మకి కారణం అక్కర్లేకపోయింది. తాను మోకాళ్ళ మీద ఉన్న గంటలో దేవుడు తన బిడ్డని గుమ్మం దాటనివ్వలేదు. అంతే. అదే పాస్టరుగారి చెవిన వేసింది. ఆయన సంతోషించి రేపటి సాక్ష్యాల్లో వాడి పేరు కలిపారు.

“బక్కన్న భార్య కూడా అక్కడే కూర్చుంటుందత్తయ్యా.” కోడలు తుడుపు గుడ్డ చేత్తో పట్టుకుని గుమ్మంలోకి వచ్చింది.

“కూర్చోనీ. ఆ పిల్ల కోసం రోజూ ప్రార్థిస్తూనే ఉన్నాను.”

“మీ అబ్బాయిని దేవుడు ఇటు లాగాడని మైకులో చెబుతాం. మరి మా ఆయన్ని అటు తోసిందెవరని ఆవిడ అడిగితే ఏం చెబుదాం?”

“తోసింది దేవుడని నేనన్నానా?”

“మీరు అనక్కర్లేదు. మిగతా సగం వినేవాళ్ళే కలుపుకుంటారు.”

“నీకు నోరెక్కువైంది.”

“కొత్తగా ఎక్కువైందా? పెళ్ళికి ముందే చెప్పాను, నాకు నోరుందని. పరవాలేదమ్మా, మా ఇంట్లో అందరం మూగవాళ్ళమే అన్నారు మీరు.”

కొడుకు పెదవి చివర నవ్వు లేచి, లేచినంత తొందరగా అణిగిపోయింది. గోడకి ఆనుకుని కింద కూర్చున్నాడు. వారం నుంచి వాడు కుర్చీలో కూర్చోవడం లేదు. పనికీ పోవడం లేదు. గడ్డం మాసిపోయింది.

“అమ్మా, ఒకటి చెబుతాను. మధ్యలో బైబిలు వాక్యం ఎత్తకుండా వింటావా?”

“వింటాను.”

“పొద్దున్నే పైపులు చల్లగా ఉంటాయి. రాత్రి మిగిలిన నీళ్ళు లోపలే నిలిచి ఉంటాయి. ముందు కింద ఉన్న కుళాయి తిప్పి ఆ నీళ్ళు కారిపోనివ్వాలి. తరువాత పెద్ద వాల్వు కొంచెం కొంచెంగా తెరవాలి, పసిపిల్లకి చెంచాతో పాలు పోసినట్టు. ఒక్కసారిగా తిప్పితే ఆవిరి వచ్చి ఆ నీళ్ళని సుత్తి దెబ్బలా తోస్తుంది. ఏ పైపూ ఆగదు.”

“అయితే?”

“వాడు ఇస్త్రీవాడమ్మా. నేను వాల్వు తిప్పడం చూశాడు గానీ, దానికి ముందు నేనేం చేస్తానో వాడెప్పుడూ చూడలేదు. నేను వేళకి పోయి ఉంటే ఆ పైపు పగిలేదే కాదు. వాడికీ ఏమీ అయ్యేది కాదు, నాకూ ఏమీ అయ్యేది కాదు. దుప్పట్లు ఉతుక్కుని ఇంటికొచ్చేవాళ్ళం.”



ఆ వారమంతా ప్రార్థనమ్మ మనసులో ఒక బొమ్మ ఉంది. మండుతున్న చోటు నుంచి తన బిడ్డని పక్కకి తీసి నిలబెట్టిన పెద్ద చెయ్యి. ఇప్పుడు ఆ బొమ్మలో మంట లేదు. వాడు అక్కడ లేకపోవడం వల్లే పైపు పగిలిందట.

“సరే,” అంది ప్రార్థనమ్మ. “నీ పైపుల సంగతి నాకు తెలియదు. మరి నిన్ను ఆపిందెవరు? అది చెప్పు. వారం నుంచి అడుగుతుంటే గోడకి చెప్పుకున్నట్టుంది.”

కొడుకు భార్య వైపు చూశాడు. ఆ చూపు ప్రార్థనమ్మ పట్టేసింది. ఈ ఇంట్లో తనకి తెలియనిది వాళ్ళిద్దరికీ తెలుసు.

“చెప్పెయ్యండి,” అంది కోడలు మెల్లగా. “రేపు మైకు ముందు చెప్పాల్సి వచ్చేకంటే ఇక్కడ చెప్పడమే నయం.”

“నువ్వు నిద్రపోయావమ్మా.”

ఫ్యాను తిరుగుతోంది. వీధిలో ఎవరో స్కూటరు స్టార్టు కాక తన్నుతున్నారు.

“ఎవరు?”

“నువ్వే. నేను సంచి భుజాన వేసుకుని బయలుదేరుతున్నాను. నీ గది తలుపు తీసి ఉంది. మంచం పక్కన మోకరించి, చెంప పరుపు మీద పెట్టి, నోరు తెరుచుకుని నిద్రపోతున్నావు. అప్పటికి జ్వరం తగ్గి ఒక్క పూటయినా కాలేదు నీకు.”

“లేపొచ్చుగా!”

“లేపితే ఒప్పుకుంటావా? నేను నిద్రపోలేదు, కళ్ళు మూసుకున్నాను అని రోజంతా నన్ను సాధిస్తావు.” ఈసారి వాడు నిజంగానే కొంచెం నవ్వాడు. నవ్వుతుంటే కళ్ళు తడిశాయి. “గొలుసు నీ దగ్గర తెగిందని తెలిస్తే నువ్వు మళ్ళీ మనిషివి కాలేవు. అందుకని బక్కోడికి ఫోను చేశాను. కాస్త ఆలస్యమవుతుంది, బాయిలర్ వెలిగించి ఉంచరా అన్నాను. నీ మీద దుప్పటి కప్పి పక్కనే మోకరించాను. నీ గంట నేను చేశాను. తరువాతి గంట బక్కోడి భార్యది కదా, ఆమెకి ఫోను చేసి గొలుసు అందించింది కూడా నేనే.”

“నువ్వా?”

“వెలిగించమన్నాను గానీ, నేనొచ్చేదాకా ఆవిరి వదలకురా అని చెప్పలేదమ్మా. చెప్పాలని తట్టలేదు. ఆ ఒక్క ముక్క చెప్పలేదు.”

వాడు లేచి పెరట్లోకి పోయాడు. కోడలు వాడి వెనకాలే పోబోయి ఆగి, అత్తగారి చేతిలో టీ గ్లాసు పెట్టింది. ఆమె తాగలేదు.

దుప్పటి సంగతి ఆమెకి గుర్తుంది. లేచేసరికి భుజాల మీద ఉంది. కోడలు కప్పిందనుకుంది. ఫోను చేసినట్టు గుర్తు లేదు. కానీ ఏళ్ళ తరబడి చేస్తున్న పని చేసినట్టు ఎవరికి గుర్తుంటుంది? అలా అనే సర్దిచెప్పుకుంది. ఆ సర్దిచెప్పుకోవడం మాత్రం ఇప్పుడు బాగా గుర్తొచ్చింది.

*

మధ్యాహ్నం ఎవరికీ చెప్పకుండా ఆసుపత్రికి బయలుదేరింది. బస్సులో కిటికీ పక్కన సీటు దొరికినా బయటికి చూడలేదు. ఏం చెప్పాలో మనసులో కూర్చుకుంటూ పోయింది. కూర్చుకున్నదంతా ఆసుపత్రి మెట్ల దగ్గరే చెదిరిపోయింది.

కాలిన గాయాల వార్డు బయట వరసగా ఇనప కుర్చీలు ఉన్నాయి. చివరి కుర్చీలో బక్కోడి భార్య కూర్చుని ఉంది. ఒళ్ళో మొగుడి పాత చొక్కా. ఇంట్లో మిషను పెట్టుకుని కుట్టుపని చేసే మనిషి. చొక్కా పక్కలు రెండూ విప్పేసి, గుండీల బదులు నాడాలు కుడుతోంది, కట్ల మీద నుంచి తొడగడానికి.

“రండి పెద్దమ్మా.” పక్క కుర్చీ మీది సంచి కింద పెట్టింది. “రేపు తమ్ముడి సాక్ష్యమట కదా.”

“నీకెవరు చెప్పారు?”

“చూడ్డానికొచ్చిన వాళ్ళంతా చెబుతున్నారు. పళ్ళు చేతిలో పెట్టి, తరువాత ఆ మాట చెబుతున్నారు.”

ఆమె గొంతులో ఎత్తిపొడుపు లేదు. అదే ప్రార్థనమ్మని ఎక్కువ గుచ్చింది.

“తల్లీ, ఆ రోజు నేను నిద్రపోయాను.”

సూది గుడ్డలో దిగి ఆగింది.

“నా గంట మావాడు చేశాడు. అందుకే వేళకి పనికి పోలేదు. నాకూ ఇవాళే తెలిసింది.”

“నాకు ఆ రోజే తెలుసు పెద్దమ్మా.”

“ఎలా?”

“మీరు ఫోను చేస్తే ‘లేచావా తల్లీ’ అని మా వీధంతా లేచేటట్టు అరుస్తారు. ఆ రోజు తమ్ముడు గుసగుసగా మాట్లాడాడు. పక్కన ఎవరో నిద్రపోతుంటే మాట్లాడినట్టు.” దారం పళ్ళతో తుంచింది. “అప్పుడు నవ్వుకున్నాను కూడా. పెద్దమ్మ దొరికిపోయింది, కనబడనీ చెబుతాను అనుకున్నాను.”

“మరి ఎవరితోనూ అనలేదేం?”

బక్కోడి భార్య నాడా కొసలు సరిచూసింది.

“నేను మోకరించి ఉండగా ఫోను మోగింది. తియ్యలేదు. ప్రార్థనలో ఉన్నప్పుడు తియ్యకూడదని నాకు నేర్పింది మీరే. మోగి మోగి ఆగింది. మళ్ళీ మోగింది. దేవుడి పని కంటే ముఖ్యమైంది ఏముంటుందిలే అనుకున్నాను. నా గంట పూర్తి చేసి, తరువాతి ఇంటికి గొలుసు అందించి, అప్పుడు లాండ్రీవాళ్ళకి తిరిగి చేశాను.” చొక్కా మడత పెట్టింది. “ఆయన్ని బండిలో ఎక్కిస్తుంటే నా పేరు పెట్టి పిలిచాడట. అప్పటినుంచి నా మోకాళ్ళు వంగడం లేదు.”

ప్రార్థనమ్మ ఆమె చెయ్యి పట్టుకుంది. ఆమె చెయ్యి లాక్కోలేదు. తిరిగి పట్టుకోనూ లేదు.

“మావాడు రేపు లేవడు. పాస్టరుగారికి చెప్పి ఆపించేస్తాను.”

“ఆపించొద్దు. చెప్పించండి.”

“ఏం చెప్పించమంటావు?”

“అంతా. మీరు నిద్రపోయింది, తమ్ముడు మోకరించింది, మా ఆయన వాల్వు తిప్పింది, నేను ఫోను తియ్యనిది. సగం చెబితే మీ ఇంటికి అద్భుతం, మా ఇంటికి శిక్ష అవుతుంది. అంతా చెప్పండి. విని, ఇందులో దేవుడు ఎక్కడున్నాడో సంఘమే నాకు చూపించాలి.” ఆమె మొదటిసారి తలెత్తి చూసింది. “ఎగతాళికి అనడం లేదు పెద్దమ్మా. నాకు తెలుసుకోవాలనుంది. ఆయన లేడనుకోవడం నాకు చేతకావడం లేదు.”

లోపలికి పోయేముందు నర్సు ముక్కుకి గుడ్డ కట్టుకోమంది. బక్కోడు మెలకువగానే ఉన్నాడు. మొహానికి ఏమీ కాలేదు, చిన్న పిల్లాడి మొహంలా ఉంది.

“చూశావా పెద్దమ్మా, కట్లతో ఎంత లావెక్కానో. ఇక నన్ను బక్కోడని పిలిస్తే ఊరుకోను.”

ఆమె అతని కాళ్ళ మీది దుప్పటి సర్దింది.

“వాడేడి?” అన్నాడు బక్కోడు. “వారమైంది, మొహం చాటేశాడు. నేనేమన్నా కరుస్తానా? రమ్మను.”

*

ఆదివారం ఉదయం ఇంట్లో ఇస్త్రీ పెట్టె వేడెక్కింది, చల్లారింది. కొడుకు గడ్డం గీసుకుని వచ్చేసరికి ప్రార్థనమ్మకి కొంచెం ధైర్యం వచ్చింది.

“నువ్వు లేవక్కర్లేదు నాయనా,” అంది చెప్పులేసుకుంటూ. “ఊరికే వచ్చి కూర్చో.”

“మరి నా పేరు పిలిస్తే?”

“పిలవనీ.”

కోడలు ఆమె మొహంలోకి చూసి చెయ్యి పట్టుకుంది, వీధి మలుపు దాకా వదల్లేదు.

మందిరంలో పాటలు అయ్యాయి. పాస్టరుగారు కళ్ళజోడు పైకి తోసుకుని, బాయిలర్ దగ్గర పనిచేసే తమ్ముడు దేవుని కాపుదలని గురించి సాక్ష్యం చెబుతాడని, ఆనందంగా పిలిచారు. తలలన్నీ వెనక్కి తిరిగాయి. కొడుకు తల వంచుకుని తన అరచేతులు చూసుకుంటున్నాడు.

ప్రార్థనమ్మ లేచింది. నడుస్తుంటే మోకాళ్ళు టకటకమన్నాయి. ఎప్పుడూ ఆ చప్పుడు విని లోలోపల గర్వపడేది, ప్రార్థన వల్ల అరిగిన మోకాళ్ళని.

“అమ్మగారు వస్తున్నారు. మంచిదే,” అన్నారు పాస్టరుగారు, మైకు అందిస్తూ.

“దేవునికి స్తోత్రం,” అంది. మామూలుగా అందరూ ఆమె గొంతు వింటే సర్దుకుని కూర్చుంటారు. ఇప్పుడూ కూర్చున్నారు. “ఆ తెల్లవారుజామున గొలుసు నా చేతికి వచ్చింది. నేను మోకరించాను. మోకరించి నిద్రపోయాను.”

“ఆమెన్!” అన్నాడు ముందు వరసలో ముసలి డ్రైవరు. ఏం విన్నా ఆమెన్ అనడం ఆయనకి అలవాటు. పక్కన కూర్చున్న భార్య ఆయన తొడ మీద గిల్లింది. అక్కడక్కడా నవ్వులు లేచాయి. ప్రార్థనమ్మ నవ్వలేదని చూసి ఆగిపోయాయి.

ఆమె అంతా చెప్పింది. దుప్పటి, కొడుకు మోకరించడం, బక్కోడికి చేసిన ఫోను, చెప్పాల్సి ఉండి చెప్పని ఆ ఒక్క ముక్క, చల్లని పైపులో నిలిచిన నీళ్ళు. బక్కోడి భార్య ఫోను సంగతి మాత్రం చెప్పలేదు. అది తనది కాదనిపించింది.

“నా ప్రార్థన నా బిడ్డని కాపాడిందని మీలో చాలామందికి చెప్పాను. ఆ వేళకి నేను ప్రార్థించలేదు. వాడు వేళకి పనికి పోయి ఉంటే ఎవరికీ ఏమీ అయ్యేది కాదు. ఇందులో దేవుడు చేసిందేదో, మనం చేసిందేదో విడదీసి చెప్పమంటే నాకు చేతకాదు. ఆయన ఆ ఉదయం మనల్ని వదిలేసి ఎక్కడికో పోయాడని కూడా అనలేను. నిన్న ఆసుపత్రిలో ఆ అబ్బాయి నాతో హాస్యమాడాడు. ఒళ్ళంతా కాలిన మనిషి నన్ను నవ్వించాలని చూశాడు. అది ఎక్కడినుంచి వచ్చిందో నాకు తెలియదు. అంతే నా సాక్ష్యం.”

ఎవరూ ఆమెన్ అనలేదు. ముసలి డ్రైవరు కూడా అనలేదు.

చివరి వరసలో కుర్చీ జరిగిన చప్పుడైంది. బక్కోడి భార్య లేచింది. నడవా మధ్యలోంచి నడిచి వస్తుంటే పిల్లలు కాళ్ళు ముడుచుకుని దారిచ్చారు. పాస్టరుగారు ఒక అడుగు ముందుకు వేసి, ఏమనుకున్నారో మళ్ళీ వెనక్కి తగ్గారు.

ఆమె ప్రార్థనమ్మ పక్కన నిలబడి మైకు తీసుకుంది. సంఘం వైపు చూడలేదు. నేరుగా కొడుకునే చూసింది.

“తమ్ముడూ, ఒక్కటే అడుగుతాను. గొలుసు అందించేముందు, ఏ ఇంటికి అందిస్తామో ఆ ఇంటివాళ్ళ కోసం ప్రార్థించి లేవాలి. అది మన పద్ధతి. ఆ రోజు నువ్వు అందించింది మా ఇంటికి. మాకోసం ప్రార్థించావా? లేక పనికి ఆలస్యమవుతోందని లేచిపోయావా?”

అవునన్నా కాదన్నా ఆ పిల్లకి ఒరిగేదేమిటో ప్రార్థనమ్మకి అంతుబట్టలేదు. ప్రార్థించలేదంటే వాడి తప్పు. ప్రార్థించానంటే?

కొడుకు లేచాడు. ముందు కుర్చీ వీపు పట్టుకున్నాడు.

“ప్రార్థించానక్కా. పేరు పెట్టి ప్రార్థించాను. ప్రభువా, ఈపాటికి నావాడు బాయిలర్ దగ్గర ఉండి ఉంటాడు, వాణ్ణి కాయమని అడిగాను. అడిగి ఆమెన్ అని, అప్పుడే నీకు ఫోను చేశాను.”

మందిరంలో పసిపిల్ల ఒకటి ఏడవబోతే తల్లి దాని నోరు మూసింది. అందరూ బక్కోడి భార్య వైపే చూస్తున్నారు. ఆమె మైకు ఇంకా పెదవుల దగ్గరే పట్టుకుని ఉంది. దించలేదు.

*

ఇట్లు,
సలోమమ్మ, అరవై తొమ్మిదేళ్ళు. ఇప్పుడు ఉండేది చిన్నకూతురి ఇంట్లో, మేడ మీద వెనక గదిలో.